చెరో సగం జాకాల్

2025 జూన్‌లో ఫ్రెడరిక్ ఫోర్సిత్ చనిపోయిన సంగతి నాకు అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు. "మన లేబుల్‌ని పుట్టించినాయన పోయాడే" అన్నాడు. పక్కన ఎవరైనా వింటే ఏ సీసా మీది లేబులో అనుకుందురు. నాకు మాత్రం జిగురు ఊడిపోయిన ఒక పాత పేపర్‌బ్యాక్ కళ్ళ ముందుకొచ్చింది.

'ద డే ఆఫ్ ది జాకాల్', ఫోర్సిత్ రాసిన ఇంగ్లీషు థ్రిల్లర్. అన్నయ్య హాస్టల్లో ఎవరో సీనియర్‌ది. ఎన్ని చేతులు మారిందో ఏమో, వీపు దగ్గర నిలువునా విడిపోయి రెండు ముక్కలైంది. దానికో రబ్బరు బ్యాండు వేసి సెలవులకు ఇంటికి పట్టుకొచ్చాడు. బ్యాగులోంచి తీస్తుంటే ఆ రబ్బరు బ్యాండు కూడా టప్పున తెగింది. మొదటి సగం నా వైపు పడింది. తీసుకుని లేచిపోయాను.

"ఇవ్వవే, నేనింకా మొదలే పెట్టలేదు."

"నాలుగు రోజుల్లో ఇస్తాలే."

నాలుగు రోజులు ఆగే మనిషి కాదు. ఇప్పటికీ కాదు. ఏ డిటెక్టివ్ నవలైనా ముందు చివరి పేజీ తిప్పి, హంతకుడెవరో చూసుకుని, అప్పుడు తీరిగ్గా మొదటి పేజీకి వచ్చే రకం. అందుకని మిగిలిన రెండో సగం పట్టుకుని అక్కణ్ణుంచే చదవడం మొదలుపెట్టాడు. థ్రిల్లర్‌ని మధ్యలోంచి చదివే మనిషిని అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఆ నవల చదివినవాళ్ళకి తెలుసు, అది ఎక్కడ తెగిందన్నది ఎంత విచిత్రమైన విషయమో. మూడు భాగాల పుస్తకం అది. మొదటి భాగమంతా హత్యకు ఏర్పాట్లు. రెండోది వేట. మూడోది చిన్నది, అసలు ఘట్టం. మా పుస్తకం దాదాపు మొదటి భాగం అయిపోయే చోటే విడిపోయింది. అంటే నా చేతిలో హంతకుడున్నాడు, అన్నయ్య చేతిలో పోలీసు ఉన్నాడు. ఆ పోలీసు పేరు క్లోద్ లెబెల్. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మేం 'లేబుల్' అనుకున్నాం, అదే స్థిరపడిపోయింది.

కథ 1963 నాటి ఫ్రాన్సుది. అల్జీరియాకు స్వాతంత్ర్యం ఇచ్చేశాడని ప్రెసిడెంటు ద గాల్ మీద పగబట్టిన ఓఏఎస్ అనే రహస్య సంస్థ ఒకటి. 1962 ఆగస్టు 22న పారిస్ శివార్లలో పెటీ క్లామార్ అనే చోట ఆయన కారు మీద తుపాకులతో విరుచుకుపడ్డారు. టైర్లు పేలినా డ్రైవరు ఆ సిత్రోయెన్ కారును ఆపకుండా లాగించేశాడు, ఆయన బతికిపోయాడు. ఇదంతా నిజంగా జరిగింది. ఆ దాడి నడిపించిన బాస్తియాఁ తిరీ అనే సైనికాధికారిని 1963 మార్చి 11న కాల్చి చంపారు. అదీ నిజమే. నవల ఆ తెల్లవారుజామునే మొదలవుతుంది. అక్కణ్ణుంచి కల్పన: మనవాళ్ళందరి పేర్లూ పోలీసుల ఫైళ్ళలో ఉన్నాయి కాబట్టి ఏ ఫైల్లోనూ లేని బయటివాణ్ణి పెట్టుకుందామని ఓఏఎస్ పెద్దలు ముగ్గురు ఒక ఇంగ్లీషువాణ్ణి పిలుస్తారు. వాడు అడిగిన సొమ్ము అయిదు లక్షల డాలర్లు. సగం ముందు, సగం పని అయ్యాక. వాడి మారుపేరు జాకాల్, ఫ్రెంచిలో షకాల్. అసలు పేరు పుస్తకం అయిపోయేదాకా రాదు, అయిపోయాకా రాదు.

నేను వాడితో పాటు తిరిగాను. ఇంకో మాట లేదు, తిరిగాను అంతే. బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీలో కూర్చుని ద గాల్ గురించి దొరికినవన్నీ చదివాను. పల్లెటూరి సమాధుల మధ్య తిరుగుతూ, బతికుంటే వాడి ఈడుకే వచ్చి ఉండేవాడైన ఓ పసివాడి పేరు వెతికాను. ఆ పేరు మీద జనన ధ్రువీకరణ పత్రం తీసుకుని, దాంతో పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాను. (ఇది రచయిత ఊహ కాదు, అప్పట్లో బ్రిటన్‌లో అలా నిజంగానే పాస్‌పోర్టు వచ్చేసేది. తర్వాత ఆ మోసానికి అక్కడ ఈ నవల పేరే పెట్టుకున్నారు.) బ్రస్సెల్స్‌లో తుపాకులు చేసే మనిషి దగ్గరికి వెళ్ళి నాకెలాంటిది కావాలో చెప్పాను. తేలిగ్గా ఉండాలి, చప్పుడు కాకూడదు, విప్పితే సన్నని గొట్టాల్లో ఇమిడిపోవాలి. ఆ పనివాడు ఎవర్ని కాలుస్తావని అడగడు. ఎంత దూరం, తలకా ఒంటికా, ఒక్క గుండేనా రెండోదానికి వీలుంటుందా, ఇవే అడుగుతాడు. దర్జీ కొలతలు తీసుకుంటున్నట్టే ఉంటుంది ఆ సంభాషణ. పద్దెనిమిదేళ్ళ వయసులో అది చదువుతూ ఒక్క క్షణమైనా తప్పనిపించలేదు నాకు. పని తెలిసినవాడు పని చేసుకుంటుంటే చూడ్డంలో ఉండే సుఖం ఒకటి ఉంటుంది, అది తప్పొప్పుల్ని పక్కకు నెట్టేస్తుంది. ఫోర్సిత్ చేసిన గారడీ అంతా ఇక్కడే ఉందని నా అనుమానం.

అన్నయ్య పరిస్థితి పూర్తిగా వేరు. వాడి సగంలో మంత్రులూ పోలీసు పెద్దలూ ఓ గదిలో చేరతారు. ఎవరో విదేశీయుడు ప్రెసిడెంటుని చంపడానికి వస్తున్నాడు, మారుపేరు తప్ప ఏమీ తెలియదు. ముఖం లేదు, పాస్‌పోర్టు లేదు, తేదీ లేదు. గోల కాకుండా పట్టుకోవాలి, ఎందుకంటే తన ప్రాణభయం పేపర్లకెక్కడం ద గాల్‌కు ఇష్టం లేదు. ఆ పని తెచ్చి పొట్టిగా, సాదాగా, ఇంట్లో భార్యకు భయపడే లెబెల్ నెత్తిన పెడతారు. మొదటి సగం చదవని అన్నయ్యకి లెబెల్‌కి తెలిసినంతే తెలుసు. ఇద్దరూ ఒకే చీకట్లో ఉన్నారు.

రెండో రోజు సాయంత్రం నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"డగ్గన్ అని ఒకడొస్తున్నాడు. ఎవడు వాడు?"

నేను పేజీలోంచి తలెత్తలేదు. "చెప్పను."

"నీ వాడేనా?"

"చెప్పనన్నానా!"

"సరే, ఒకటి చెప్పు, ఒకటి చెప్తా."

అలా బేరం కుదిరింది. రోజుకో ప్రశ్న. నేను డగ్గన్ గురించి, అంటే సమాధుల మధ్య దొరికిన ఆ పేరు గురించి చెప్తే వాడు లెబెల్ గురించి చెప్పాలి. నిజానికి అవసరం నాకూ ఉంది. నా సగంలో జాకాల్ పారిస్ వెళ్ళి, సంతలో ఒక పాత మిలటరీ కోటు, టోపీ, కొన్ని పతకాలు కొంటాడు. ఎందుకో రాయడు ఫోర్సిత్. తుపాకీ విడిభాగాలు దాచడానికి ఉక్కు గొట్టాలు చేయించుకుంటాడు, అవి కలిపితే ఏ ఆకారం వస్తుందో అదీ రాయడు. నా దగ్గర కోటుంది, గొట్టాలున్నాయి. ఆ కోటు తొడుక్కునే మనిషి మాత్రం అన్నయ్య దగ్గరున్నాడు. చివరి పేజీలు ముందే తిప్పేశాడు కదా! నేను కోటు గురించి అడిగిన రోజున వాడి ముఖం చూడాలి. "ఓహో, కోటు కొన్నాడా..." అని ముసిముసి నవ్వు నవ్వి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపంతోనో, జాకాల్ కోసమో చెప్పలేను.

వాడు నాకు చెప్పినవాటిలో బాగా గుర్తున్నది టెలిఫోన్ల సంగతి. వేట మొదలయ్యాక జాకాల్ ప్రతిసారీ ఒక అడుగు ముందే ఉంటాడు. ఆ గదిలో కూర్చున్నవాళ్ళలోంచే ఎవరి ద్వారానో కబురు బయటికి పోతోంది. ఓ రాత్రి లెబెల్ ఆ పెద్దలందరి ముందూ ఒక టేపు వినిపిస్తాడు. ఒక ఆడమనిషి ఫోన్లో ఎవరికో సమాచారం చేరవేస్తోంది. ఆమెను ఇంట్లో ఉంచుకున్న కల్నల్ లేచి, నిశ్శబ్దంగా గదిలోంచి వెళ్ళిపోతాడు. ఎవరి ఫోన్ వినాలో ముందే ఎలా తెలిసిందని ఒకరు అడుగుతారు. తెలియదు కాబట్టే మీ అందరి ఫోన్లూ విన్నానని లెబెల్ జవాబు. అన్నయ్య ఇది చెప్తూ గదిలో అటూ ఇటూ నడిచాడు. మంత్రి అవనీ కల్నల్ అవనీ, అందరివీ! "లేబుల్ అంటే ఏమనుకున్నావే?" అని నన్ను నిలదీశాడు, నేనేదో కాదన్నట్టు.

నాలుగు రోజులన్నది వారమైంది. నేను వాడి సగం తీసుకున్నాను. వాడు మాత్రం నా సగం పట్టుకుని పది పేజీలు తిప్పి పక్కన పెట్టేశాడు. "అంతా నువ్వు చెప్పేశావుగా, ఇంకేముంది" అని. సెలవులయ్యాయి, పుస్తకం సీనియర్‌కి వెళ్ళిపోయింది. కొత్త రబ్బరు బ్యాండు నేనే వేశాను.

రెండో సగంలో నాకో దెబ్బ తగిలింది. అడ్డొచ్చిందని ఒక స్త్రీని చంపేస్తాడు జాకాల్. ఆమె వాడికి తన ఇంట్లో చోటిచ్చిన మనిషి. ఫోర్సిత్ ఆ చావును కూడా తుపాకీ బిగించినట్టే రాసుకుపోయాడు, చప్పుడు లేకుండా. నేను పేజీ వెనక్కి తిప్పి చూసుకున్నాను, ఏదైనా మిస్సయ్యానేమోనని. ఏమీ మిస్సవలేదు. అయినా వాడి పక్షం వదల్లేదు. చివర్లో దొరికిపోతాడేమోనని కంగారు పడుతూనే చదివాను. ద గాల్ హత్యకు గురి కాలేదనీ, 1970 నవంబరులో ఇంట్లోనే మామూలుగా పోయాడనీ చరిత్ర చెప్తోంది. అది తెలిసీ కంగారేమిటో!

ఈ 'తెలిసీ' అన్నదే ఆ పుస్తకానికి మొదట అడ్డుపడింది. ఫోర్సిత్ అరవైల మొదట్లో రాయిటర్స్ విలేఖరిగా పారిస్‌లో పనిచేశాడు, ద గాల్ వెంట తిరగడమే ఉద్యోగం. తర్వాత నైజీరియాలో బయాఫ్రా యుద్ధం చూసొచ్చి, చేతిలో చిల్లిగవ్వ లేని స్థితిలో 1970 జనవరిలో కూర్చుని 35 రోజుల్లో ఇది రాసేశాడు. ప్రచురణకర్తలు వద్దన్నారు. ద గాల్ బతికే ఉన్నాడు, హత్య జరగలేదని లోకమంతటికీ తెలుసు, ఇందులో సస్పెన్సేముందని. 1971లో గానీ అచ్చు కాలేదు. ఆ ప్రచురణకర్తల్ని వెక్కిరించను, నేనైనా అదే అనేదాన్నేమో. చంపుతాడా లేదా అన్నది కాదు ప్రశ్న, ఎంత దగ్గరికి వస్తాడన్నది. అది చదివితే తప్ప అర్థమయ్యే సంగతి కాదు.

సినిమా చూసింది అయిదారేళ్ళ తర్వాత, ఒక వీడియో క్యాసెట్ మీద, అన్నయ్యతోనే. ఫ్రెడ్ జిన్నెమాన్ తీసిన 1973 నాటి సినిమా. రెండున్నర గంటలకు కాస్త తక్కువ. మొదలవగానే మా ఇద్దరికీ గొడవ. పుస్తకం మరణశిక్షతో మొదలైతే సినిమా పెటీ క్లామార్ దాడితో మొదలవుతుంది. "ఇది నా సగంలో ఉండాల్సింది" అని నేను, "ఉష్, చూడనీ" అని వాడు.

జాకాల్‌గా ఎడ్వర్డ్ ఫాక్స్. జిన్నెమాన్ కావాలనే పెద్ద స్టార్ ఎవర్నీ పెట్టుకోలేదట, జనంలో కలిసిపోయే ముఖం కావాలని. తెలివైన పని. తెలిసిన హీరో అయితే ఆఖర్లో బతికిపోతాడని సగం నమ్మకం ముందే ఏర్పడుతుంది. కానీ నాకు కష్టంగా అనిపించింది. నేను ఊహించుకున్నవాడికి ముఖమే లేదు. ఈ మనిషికేమో మెడలో రుమాలు, శుభ్రంగా దువ్విన జుట్టు. బ్రస్సెల్స్‌లోని తుపాకుల పనివాడు కూడా సినిమాలో జెనోవాకు మారిపోయాడు. అదేమంత నేరం కాదు. కానీ పోలిష్ అంగరక్షకుడి కథ తీసేయడం మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. పుస్తకంలో కొవాల్‌స్కీ అనే భారీ మనిషి ఉంటాడు, ఓఏఎస్ నాయకుడి కాపలాదారు. అతని చిన్న కూతురికి ప్రాణాంతకమైన జబ్బని దొంగ ఉత్తరం రాయించి, ఫ్రాన్సుకు రప్పించి పట్టుకుంటారు. అతని నోటి నుంచే 'షకాల్' అన్న మాట పోలీసులకు చేరుతుంది. ఆ పుస్తకంలో నాకు గొంతు పట్టేసిన చోటు అదొక్కటే. సినిమాలో అతని పేరు మారింది, కూతురు లేదు, దారి కాచి ఎత్తుకుపోతారు. అయిపోయింది.

ఇలా లెక్కలు రాసుకుంటూ చూస్తున్నాను. అప్పుడొచ్చింది పుచ్చకాయ.

జాకాల్ కారు ఆపి, అడవిలాంటి చోట ఒక వల సంచీలో పుచ్చకాయను చెట్టుకు వేలాడదీస్తాడు. దాని మీద రంగుతో కళ్ళూ ముక్కూ గీస్తాడు. దూరంగా నడిచి వెళ్ళి, తుపాకీ ముక్కలు ఒక్కొక్కటీ బిగిస్తాడు. సంగీతం లేదు, మాట లేదు, ఆకుల చప్పుడు తప్ప. కాలుస్తాడు. గుండు పక్కన తగులుతుంది. చిన్న స్క్రూడ్రైవరుతో టెలిస్కోపు మర తిప్పుతాడు. మళ్ళీ కాలుస్తాడు, మళ్ళీ మర తిప్పుతాడు. తొందర లేదు. గురి కుదిరాక, విడిగా దాచిన ఇంకో రకం గుండు తీసి పెడతాడు. ఈసారి పుచ్చకాయ ఉండదు. ఎర్రగా తుంపరలు, ఊగుతున్న ఖాళీ వల.

పుస్తకంలో ఆ గుండు ఎలా చేస్తారో, లోపల పాదరసం ఎందుకు పోస్తారో అంతా చదివాను. చదివి, శభాష్ అనుకున్నాను. ఇక్కడ ఎవరూ ఏమీ వివరించలేదు. అది తల అన్నది మొదటిసారి తట్టింది నాకు. అన్నయ్య క్యాసెట్ ఆపి వెనక్కి తిప్పాడు. "మళ్ళీ ఎందుకు?" అంటే, "నువ్వు చెప్పినప్పుడు ఇలా లేదు" అన్నాడు. నిజమే. నేను చెప్పినప్పుడు ఇలా లేదు.

లెబెల్‌గా మైకేల్ లాన్స్‌డేల్. (తర్వాత ఈయన్నే 'మూన్‌రేకర్'లో జేమ్స్ బాండ్ మీద విలన్‌గా చూసి నవ్వాపుకోలేకపోయాం. లేబుల్ అంతరిక్షంలోకి వెళ్ళడమేమిటి!) సినిమాలో లెబెల్ పావురాలు పెంచుకుంటాడు. నిద్ర చాలని కళ్ళు, నలిగిన కోటు, ఎవరెంత అరిచినా అదే మెల్లని గొంతు. నా రెండో సగంలో ఆ మనిషిని నేను సరిగ్గా చదవనే లేదని అప్పుడు తెలిసింది. పేజీల్లో వాడొచ్చినప్పుడల్లా జాకాల్ ఎప్పుడొస్తాడా అని గబగబా దాటేశాను. తెర మీద అలా దాటడానికి కుదరదు, అతను కూర్చున్నంతసేపూ మనమూ కూర్చోవాలి. హోటళ్ళ రిజిస్ట్రేషన్ కార్డుల కట్టలు తిరగేస్తుంటే మనమూ చూడాలి. ఒకడు ముక్కలు బిగిస్తున్నాడు, ఇంకొకడు కార్డులు తిరగేస్తున్నాడు. ఇద్దరిదీ ఒకటే పనితనం. సినిమా మా రెండు సగాల్నీ కలిపి కుట్టేసింది, ఇక నేను ఒకవైపే ఉండటానికి చోటు లేకుండా పోయింది.

ఆఖరి ఘట్టంలో ఆగస్టు 25, పారిస్ విముక్తి దినం. ద గాల్ ఆ రోజు జనం ముందుకు రాకుండా ఉండడని జాకాల్ లైబ్రరీలో కూర్చున్నప్పుడే తేల్చుకున్నాడు. పతకాలు పెట్టుకున్న ఒంటికాలు ముసలి సైనికుడొకడు ఊతకర్రతో వచ్చి, ఇల్లు ఆ వీధిలోనే అంటాడు. కాపలా పోలీసు జాలిపడి వదిలేస్తాడు. నా కోటు! నా గొట్టాలు! లెబెల్ ఒక్కో పోలీసునూ అడుగుతూ వస్తాడు, ఎవరైనా ఇటు వెళ్ళారా అని. ఎవరూ లేరు, ఒక్క కుంటి ముసలాయన తప్ప. అక్కణ్ణుంచి లెబెల్ పరుగు. పై అంతస్తు కిటికీలో జాకాల్ గురి చూస్తున్నాడు. ఎదుట ఆరడుగుల పైన మరో అయిదంగుళాల మనిషి, ఓ పొట్టి సైనికుడికి పతకం తగిలించి, బుగ్గల మీద ముద్దు పెట్టడానికి వంగుతాడు. ఆ క్షణంలోనే వెనక నుంచి గుండు దూసుకుపోతుంది. ఫ్రెంచివాళ్ళ ఆ అలవాటు ఒక ఇంగ్లీషువాడి లెక్కలోకి రాలేదు. అంత చదివి, అన్ని కొలతలు తీసుకుని, ఒక్క ముద్దు మర్చిపోయాడు.

పుస్తకంలో ఆ తర్వాత ఇద్దరూ ఎదురెదురు పడినప్పుడు ఒకరి పేరు ఒకరు పలుకుతారు. సినిమాలో ఆ వ్యవధి లేదు. తలుపు, కాల్పులు, గోడకు కొట్టుకుని పడ్డ మనిషి. ఏది బాగుందని నన్నడిగితే పుస్తకమే. ఒకరినొకరు ఎన్నడూ చూడకుండా ఇన్నాళ్ళూ కలిసి బతికినవాళ్ళు వాళ్ళు, ఆ రెండు పేర్లయినా దక్కాలి వాళ్ళకి. అన్నయ్య ఒప్పుకోడు. "అప్పుడు పేర్లు పిలుచుకుంటూ కూర్చుంటే మళ్ళీ గుండు ఎక్కించుకోడా మీ వాడు?" అంటాడు. ఎక్కిస్తూనే ఉంటాడు పుస్తకంలో, అది వేరే సంగతి.

1997లో బ్రూస్ విల్లిస్‌తో 'ద జాకాల్' అని ఇంకొకటి వచ్చింది. అందులో ద గాల్ లేడు, ఫ్రాన్సు లేదు. టైటిల్స్‌లో ఫోర్సిత్ పేరు కూడా లేదు, పాత సినిమాకు స్క్రీన్‌ప్లే రాసిన కెన్నెత్ రాస్ పేరుంది. చూశాం. దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ పోట్లాడుకోలేదు. అంతే చెప్పగలను.

మొన్న ఫోన్లో ఫోర్సిత్ సంగతి అయ్యాక అన్నయ్య కాసేపు నసిగాడు. కొత్త కాపీ తెప్పించుకున్నాడట. ఒకే ముక్క.

"ఎక్కణ్ణుంచి మొదలుపెట్టావ్?" అన్నాను.

"మొదటి పేజీ నుంచేనే. ఒట్టు."

"ఎంతదాకా వచ్చింది?"

"ఏం వస్తుంది! మీ వాడు ఇంకా లైబ్రరీలోనే కూర్చుని చదువుతున్నాడు. ఎంతసేపు చదువుతాడు?"